స్ట్రెయిట్ పైపు మాహాత్మ్యం

టర్బో కారు కొన్న మనిషికి కొద్ది రోజుల్లోనే ఒక పరమసత్యం బోధపడుతుంది: ఆ కారును తయారుచేసిన ఇంజనీర్లకు ఇంజనీరింగ్ రాదు. వాళ్ళు ఏళ్ళ తరబడి పడిన శ్రమంతా తన ఇంజిన్‌కు ఊపిరాడకుండా చేయడానికేనని, పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ దారికి అడ్డంగా కూర్చుని ఆ పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను ఊడబెరికి ఆ చోట స్ట్రెయిట్ పైపు అనే ఒక తిన్నని గొట్టం బిగిస్తే హార్స్‌పవర్‌లోని గుర్రాలన్నీ కళ్ళేలు తెంచుకుంటాయని ఆయనకు తేటతెల్లమవుతుంది. ఇంతటి జ్ఞానాన్ని ఎగతాళి చేసేవాళ్ళు కూడా లోకంలో ఉన్నారు గనుక, ఆయన పక్షాన నాలుగు మాటలు చెప్పడం నా విధి అనుకుంటున్నాను.

ముందుగా ఒప్పుకోవలసిన సంగతి ఒకటుంది. ఇంజిన్‌లోకి అదనపు గాలిని నెట్టే టర్బోను, అందులోని టర్బైన్ అనే చక్రం ద్వారా, తిప్పేది ఎగ్జాస్ట్ వాయువులే. టర్బైన్‌కు ముందు ఒత్తిడి ఎక్కువగానూ, దాటిన తరవాత తక్కువగానూ ఉంటేనే అది చురుగ్గా తిరుగుతుంది కాబట్టి, ఆ వెనక ఎదురయ్యే ఏ అడ్డయినా దానికి భారమే. టర్బో లేని ఇంజిన్‌లో కంటే ఇక్కడ అడ్డు తీసినందుకు ఫలితం ఎక్కువగా ఉంటుంది. శాస్త్రం ఇంతవరకు మన కథానాయకుడి చేయి పట్టుకుని నడుస్తుంది. ఆ తరవాత మెల్లగా వదిలేస్తుంది. ఎందుకంటే ఈ కాలపు కార్లలో ఎంత టార్క్ (తిప్పే బలం) ఇవ్వాలో నిర్ణయించేది ఈసీయూ, అంటే ఇంజిన్‌ను అదుపుచేసే కంప్యూటర్. దారి సులువైందని గమనించగానే అది వాయువులను టర్బైన్ మీదికి పోనీయకుండా పక్కకు మళ్ళించే వేస్ట్‌గేట్‌ను ఇంకాస్త తెరిచి, బూస్ట్‌ను, అంటే టర్బో నెట్టే గాలి ఒత్తిడిని, మళ్ళీ పాత లెక్కకే తెచ్చి కూర్చోబెడుతుంది. అందుచేత రీమ్యాప్ చేయించాలి, అంటే ఈసీయూలోని ఆ లెక్కలనే మార్పించాలి. కొన్ని కార్లలో వేస్ట్‌గేట్ అంత ప్రవాహాన్ని మళ్ళించలేక బూస్ట్ హద్దు దాటుతుంది, అప్పుడు ఈసీయూ భయపడి ఇంజిన్ శక్తిని కోసేస్తుంది. వేగం కోసం చేసిన పనికి ఫలంగా కారు నెమ్మదించడం లోతైన విషయం గనుక దానిని ఇక్కడ చర్చించను. చదరపు అంగుళానికి 200 రంధ్రాలుండే, వాయువులకు తక్కువ అడ్డుపడే హై ఫ్లో కన్వర్టర్ పెట్టుకుంటే లాభంలో చాలా భాగం దక్కుతుందని కొందరు చాదస్తులు అంటారు. దక్కుతుంది, నిజమే, కాని అంత చప్పుడు రాదు కదా!

ఇంతకీ పీకి పారేసిన ఆ వస్తువులో ఏముంది? చదరపు అంగుళానికి సాధారణంగా 400 నుంచి 600 సన్నని గదులున్న పింగాణీ దిమ్మ, దానిమీద అల్యూమినా పూత, ఆ పూతలో ప్లాటినం, పల్లాడియం, రోడియం. కార్బన్ మోనాక్సైడ్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా, కాలకుండా మిగిలిన ఇంధనాన్ని నీటి ఆవిరిగా, కార్బన్ డయాక్సైడ్‌గా, నైట్రోజన్ ఆక్సైడ్లను మామూలు నైట్రోజన్‌గా మార్చడం దాని పని. వేడెక్కిన తరవాత ఈ విషాల్లో 90 శాతానికి పైగా అక్కడే అణిగిపోతాయి. ఫ్రాన్స్‌లో పుట్టిన యూజీన్ హూడ్రీ అనే ఇంజనీరు పెట్రోలు శుద్ధిలో పేరు గడించాక, 1950ల నాటికి ఈ పొగ మీద దృష్టి పెట్టాడు. పెట్రోలులో కలిపే సీసం ఆ లోహాలను పనికిరాకుండా చేసేది కాబట్టి, అమెరికా కార్లలోకి కన్వర్టర్ పెద్ద ఎత్తున రావడానికి 1975 మోడళ్ళ దాకా ఆగవలసి వచ్చింది. ఇంత సుదీర్ఘమైన కృషి వృథా అని తేల్చడానికి మన గ్యారేజీలో నాలుగు బోల్టులు విప్పితే సరిపోయింది.

ఇక స్ట్రెయిట్ పైపు వల్ల సమాజానికి ఒరిగే మేలును ఎవరూ తగినంతగా మెచ్చుకోలేదు. ఇది గుప్తదానం. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. దాత అద్దాలు ఎత్తుకుని, ఏసీ వేసుకుని ముందు కూర్చుంటాడు. గ్రహీత సిగ్నల్ దగ్గర వెనక బైక్ మీద, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, పచ్చి పెట్రోలు వాసన ఎక్కడిదా అని తన ట్యాంకు మూత తడిమి చూసుకుంటూ ఉంటాడు. ఎవరు ఇచ్చారో తెలియదు, ఎంత ఇచ్చారో తెలియదు, వద్దనే వీలూ లేదు.

ఈ మహత్కార్యానికి ఒకే ఒక్క విఘ్నం, పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలుస్తూ కన్వర్టర్ వెనకనుండే రెండో ఆక్సిజన్ సెన్సర్. అది అమ్ముడుపోని సాక్షి. ముందున్న సెన్సర్ సంకేతం ఎడతెగకుండా ఊగుతున్నా, పనిచేస్తున్న కన్వర్టర్ వెనక సంకేతం నిలకడగా ఉండాలి. గొట్టం బిగించిన నాటినుంచి రెండూ ఒకే తాళానికి ఊగుతాయి. ఈసీయూకు విషయం అర్థమై కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదని చెప్పే పీ0420 అనే కోడ్ రాసుకుని చెక్ ఇంజిన్ లైటు వెలిగిస్తుంది. అప్పుడు సెన్సర్‌ను విప్పి, దాని కింద ఒక చిన్న ఉక్కు స్పేసర్ పెట్టి, ముక్కు ప్రవాహంలోకి రాకుండా కాస్త పైకి లేపుతారు. అది కుదరకపోతే రీమ్యాప్‌లో ఆ ప్రశ్ననే చెరిపేస్తారు. పరీక్ష జరుగుతోందని పసిగట్టి ఆ కాసేపు బుద్ధిగా నడిచే సాఫ్ట్‌వేర్‌ను డీజిల్ కార్లలో పెట్టి ఫోక్స్‌వ్యాగన్ 2015లో లోకమంతా నవ్వులపాలైంది. అంత పెద్ద సంస్థ అంత గుట్టుగా చేసిన పనిని మనవాడు స్పానర్‌తో, ఫొటోలు దిగుతూ చేసేస్తున్నాడు. రోడ్డు మీద నడిచే కారుకు కన్వర్టర్ పీకడం చాలా దేశాల్లో నేరం కాబట్టి, ఇలాంటి గొట్టాలు ‘రేస్‌ట్రాక్ వాడకానికి మాత్రమే’ అనే చీటీతో అమ్ముడవుతాయి. ఆయన రేస్‌ట్రాక్ ఇంటి నుంచి ఆఫీసు దాకా ఉంటుంది, మధ్యలో స్పీడ్ బ్రేకర్లూ ఉంటాయి.

చివరికి తనిఖీ రోజు రానే వస్తుంది. పాత గుడ్డలో చుట్టి అటక మీద భద్రంగా దాచిన కన్వర్టర్ కిందికి దిగుతుంది; ప్లాటినం విలువ ఆయనకు తెలియనిదేమీ కాదు. ఆ ఒక్క పూటకు కారు చట్టబద్ధమవుతుంది, బండి నీరసపడిపోయిందని ఆయన దారిపొడవునా వాపోతాడు. సాయంత్రానికల్లా మళ్ళీ గొట్టం బిగుస్తుంది, ప్రాణం లేచి వచ్చిందంటాడు. వెళ్ళేటప్పుడు గానీ వచ్చేటప్పుడు గానీ స్టాప్‌వాచ్‌ను మాత్రం ఎవరూ వెంట తీసుకెళ్ళరు.