కొలనుకు మినహాయింపు ఎవరిచ్చారు?

తిరుపతిలో కొత్త హోటల్ వచ్చినా, గేటెడ్ కమ్యూనిటీ వచ్చినా బ్రోచర్‌లో ముందు మెరిసేది స్విమ్మింగ్ పూలే. అందులోకి దిగడానికి ఉండేది మాత్రం గోడకు నిటారుగా బిగించిన స్టీలు నిచ్చెన. వీల్‌చైర్‌లో వచ్చిన మనిషి గట్టు మీదే ఆగిపోయి పిల్లల చెప్పులకు, తువ్వాళ్లకు కాపలా కాయాలి. కాదంటే ఇద్దరు చంకల కింద చేతులేసి ఎత్తి దించాలి. నలుగురిలో ఆ అవస్థ పడలేక చాలామంది నీళ్ల దాకా రారు. వాళ్లు రాకపోవడాన్నే చూపించి ‘ఎవరూ వాడరు కదా’ అనడం అన్యాయం.

ర్యాంపుకు స్థలం పోతుందని, లిఫ్టుకు ఖర్చవుతుందని బిల్డర్లు అంటారు. నిజమే కావచ్చు. అంతమాత్రాన చట్టం నుంచి తమకు తామే మినహాయింపు ఇచ్చుకుంటారా? దివ్యాంగుల హక్కుల చట్టం-2016లోని 44వ సెక్షన్ ప్రకారం, దివ్యాంగులూ వాడుకునేలా కట్టాలన్న ప్రమాణాలు పాటించని ప్లాన్‌కు అనుమతే ఇవ్వకూడదు, కట్టాక కంప్లీషన్ సర్టిఫికెట్ కూడా ఇవ్వకూడదు. ఆ ప్రమాణాలను సిఫార్సుల స్థాయిలో వదిలేసిన, ఇదే చట్టం కింది నిబంధనను 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు కొట్టేసి, తప్పనిసరి ప్రమాణాలు తేవాలని కేంద్రానికి మూడు నెలల గడువిచ్చింది.

ఇదేమీ సాధ్యం కాని పని కాదు. అమెరికాలో పబ్లిక్ కొలను గోడల మొత్తం పొడవు 300 అడుగులు, ఆపైన ఉంటే అందరూ దిగగలిగే దారులు రెండు ఉండాలి. చిన్న కొలనుకైనా లిఫ్టో ర్యాంపో ఒకటి తప్పదు. అడుగు లోతు దిగాలంటే ర్యాంపు కనీసం 12 అడుగులు సాగాలి. లిఫ్టును అందులో కూర్చున్న మనిషే ఎవరి సాయం లేకుండా గట్టు మీంచీ నీళ్లలోంచీ నడుపుకోగలగాలి. ఆ చివరి షరతే అన్నిటికన్నా ముఖ్యం.

దివ్యాంగులకు చికిత్స చేసే బర్డ్ ఆసుపత్రి ఉన్న ఊరు మనది. నేల మీద కదలని కాళ్లు నీళ్లలో ఎంతో కొంత ఆడతాయని ఇక్కడ కొత్తగా చెప్పాలా? పారాలింపిక్స్‌లో దేశానికి తొలి స్వర్ణం వచ్చింది కూడా ఈత కొలనులోంచే. 1965 యుద్ధంలో తూటాలు తిన్న మురళీకాంత్ పేట్కర్ 1972లో దాన్ని గెలిచారు.

కొలను విలాసమని ఇవాళ మినహాయిస్తే రేపు జిమ్, ఎల్లుండి కల్యాణమండపం వేదిక, ఆపైన మరుగుదొడ్డి. గేటు దగ్గర మాత్రం ఫొటోకు పనికొచ్చే ర్యాంపు! ఒక్క మినహాయింపు చాలు, తర్వాతి బిల్డర్ దాన్నే చూపిస్తాడు. టౌన్‌ప్లానింగ్ అధికారులు ఆఫీసులో కూర్చుని ప్లాన్ల మీద సంతకాలు చేయడం మానాలి. వీల్‌చైర్ వాడే మనిషిని వెంటబెట్టుకుని వెళ్లి, ఆయన సొంతంగా నీళ్లలోకి దిగి పైకి వచ్చాకే సర్టిఫికెట్ ఇవ్వాలి. మీరు జీతం తీసుకునేది ఇందుకే.