ఊరంతా జర్మన్ బోర్డులే, మాట్లాడేవాళ్లేరీ?

మొన్న ఉగాది రోజు ఇక్కడ టెక్సస్‌లో మన తెలుగు సంఘం స్టేజి మీద జరిగింది మీరంతా చూసిందే. హాలుకు రానివాళ్లు కూడా వాట్సాప్‌లో చూసే ఉంటారు. ఆరున్నరకు పెట్టిన తెలుగు తరగతి పిల్లల పద్యాలు, స్పాన్సర్ల సన్మానాలూ శాలువాలూ ఫోటోలూ అయ్యేసరికి తొమ్మిది దాటాక మొదలయ్యాయి. అప్పటికి సగం హాలు బిర్యానీ లైన్లో ఉంది. మిగతా సగం సింగర్ ఎప్పుడొస్తాడా అని గేటు వైపు చూస్తోంది. మూడో పిల్లవాడు ‘ళ’ పలకలేక తడబడ్డాడు. యాంకరమ్మ మైకులోనే వాడిలా అని చూపించి ‘సో క్యూట్’ అంది. హాలంతా నవ్వింది. వాడు మిగతా రెండు పాదాలూ మింగేసి స్టేజి దిగిపోయాడు.

వాడు నా తరగతి పిల్లవాడు. ఆ పద్యం కోసం వాళ్ల నాన్న ఆఫీసు నుంచి రాగానే రోజూ కూర్చోబెట్టి చెప్పించాడు. ఆ తర్వాతి ఆదివారం వాడు క్లాసుకు రాలేదు. “తెలుగులో అడిగినా ఇంగ్లీషులోనే జవాబు చెబుతున్నాడు మేడం, ఏం చేయాలో తెలియడం లేదు” అని వాళ్లమ్మ ఫోన్ చేసింది. నవ్వినవాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. వాళ్లలో సగంమంది మా ఇంట్లో వినాయక చవితికి ఉండ్రాళ్లు తిన్నవాళ్లే. యాంకరమ్మ కూడా ముద్దుకే అంది. అందుకే నాకు కోపం కంటే భయం ఎక్కువ వేసింది. ఆ భయమేమిటో చెప్పాలంటే మనందరికీ బాగా తెలిసిన ఒక ఊరి కథ చెప్పాలి.

ఫ్రెడరిక్స్‌బర్గ్. బ్లూబానెట్ పూలలో పిల్లల్ని కూర్చోబెట్టి ఫోటోలు తీసుకోవడానికి, ఎన్‌చాంటెడ్ రాక్ ఎక్కడానికి మనం వెళ్లొచ్చే ఊరే. ఆస్టిన్ నుంచి 290 రోడ్డు మీద గంటన్నర. కిందటి వేసవిలో మా అమ్మను తీసుకెళ్లాను. దారిలో స్టోన్‌వాల్ దగ్గర పీచ్ పళ్లు కొన్నాం. అమ్మ ఒకటి కొరికి, కాస్త దోరగా ఉందని, “ఉప్పూ కారం తెచ్చావా?” అని అడిగింది. లేదంటే, “ప్రయాణానికి ఉప్పూకారం లేకుండా బయల్దేరతారా ఎవరైనా” అని ఊరొచ్చేదాకా సణిగింది. ఊళ్లోకి వెళ్లాక మెయిన్ స్ట్రీట్ మీద బేకరీలు, సాసేజ్ హోటళ్లు, బీర్ తోటలు, అన్నిటికీ జర్మన్ పేర్లే. ఆ వీధిని దాటే అడ్డవీధుల పేర్లలో మొదటి అక్షరాలు కలుపుకుంటూ తూర్పుకు వెళితే ‘ఆల్ వెల్‌కమ్’ అనీ, పడమరకు వెళితే ‘కమ్ బ్యాక్’ అనీ వస్తుంది. ఈ తమాషా అమ్మకు చెప్పాను. ఆవిడ కాసేపు విని, “జర్మన్లు కట్టిన ఊరంటున్నావు, పిలుపు ఇంగ్లీషులో ఉందేమే? పొద్దుటి నుంచి చూస్తున్నా, జర్మన్ మాట్లాడినవాళ్లు ఒక్కరూ కనిపించలేదు” అంది.

ఎన్నోసార్లు వెళ్లిన ఊరు. ఈ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు.

ఆ ఊరి పుట్టుక వింటే మనవాళ్లకు కొన్నిచోట్ల నవ్వొస్తుంది. 1842లో రైన్ నది ఒడ్డున కొందరు జర్మన్ ప్రభువులు కలిసి, తమ జనాన్ని టెక్సస్‌కు పంపడానికి ఒక సంఘం పెట్టుకున్నారు. దాన్ని అడెల్స్‌ఫెరైన్ అంటారు. డబ్బు కట్టి వచ్చిన కుటుంబానికి 320 ఎకరాలు, ఒంటరివాడికి 160 ఎకరాలు ఇస్తామన్నారు. తీరా చూస్తే ఆ భూమిని పంచిపెట్టే హక్కు కొన్నారే గానీ భూమి ఎలా ఉందో వాళ్లు చూసింది లేదు. అది కొమాంచీలనే ఆదివాసులు తిరిగే నేల. ఇక్కడ మీకు ఏవైనా కన్సల్టెన్సీలు గుర్తొస్తే నా పూచీ లేదు. 1845 చివర్లో ఓడలు దిగినవాళ్లు సముద్రతీరంలోనే చిక్కుకుపోయారు. మెక్సికోతో యుద్ధం రావడంతో బళ్లన్నీ సైన్యానికి పోయాయి. వానలో, చలిలో, జ్వరాలతో వందలమంది అక్కడే పోయారు.

అప్పటికే, 1845లో, కార్ల్ అనే యువరాజు న్యూ బ్రౌన్‌ఫెల్స్ ఊరు కట్టి, లెక్కలు తేలకుండానే స్వదేశం వెళ్లిపోయాడు. ఆయన తర్వాత వచ్చినాయన ఓట్‌ఫ్రీడ్ హాన్స్ ఫన్ మొయిజెబాక్. బారన్ బిరుదు పక్కన పెట్టేసి జాన్ అని పేరు మార్చుకుని పనిలో దిగాడు. 1846 మే 8న ఆయన పంపిన మొదటి బళ్లు, న్యూ బ్రౌన్‌ఫెల్స్ నుంచి 16 రోజులు నడిచి, పెడర్నాలిస్ నదికి దగ్గర్లో ఆగాయి. జర్మన్ రాజ్యమైన ప్రష్యా రాజకుటుంబంలోని ఫ్రీడ్రిక్ పేరు ఊరికి పెట్టారు. ప్రతివారికీ ఊళ్లో ఇంటి స్థలం, ఊరి బయట 10 ఎకరాలు ఇచ్చారు. మరుసటి ఏడాది మొయిజెబాక్ కొమాంచీ నాయకులను కలిసి ఒప్పందం చేసుకున్నాడు. అది రెండువైపులా నిలబడిందని ఆ ఊరివాళ్లు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. గొప్పే. కానీ 1875 నాటికి కొమాంచీలు ఓక్లహోమాలో ఆదివాసులకని ప్రభుత్వం గిరి గీసి ఇచ్చిన నేలకు, అంటే రిజర్వేషన్‌కు, చేరిపోయారు, ఊరు మాత్రం ఇక్కడే ఉంది. ఆ సంగతి కూడా పక్కనే రాసుకోవాలి.

1847లో ఊరందరికీ కలిపి ఒక కట్టడం లేపారు. ఎనిమిది మూలల గుడి. చూడ్డానికి కాఫీ గింజలు పొడి చేసే మరలాగా ఉంటుందని అదే పేరుతో పిలిచేవారు. ఆదివారం క్యాథలిక్కులకూ లూథరన్లకూ అదే చర్చి, మిగతా రోజుల్లో పిల్లలకు అదే బడి, అవసరమొస్తే అదే కోట, సభలకూ అదే హాలు. తర్వాత ఎవరి చర్చి వాళ్లు కట్టుకున్నారు. పాటల సంఘం, తుపాకీ గురి సంఘం అంటూ ఎవరి సంఘం వాళ్లు పెట్టుకున్నారు. సంఘాలు పెట్టడంలో వాళ్లు మనకేమీ తీసిపోరు. మొదటి కట్టడాన్ని 1897లో కూల్చేశారు. ఇప్పుడు మార్కెట్ స్క్వేర్‌లో మనం ఫోటోలు దిగేది 1930లలో కట్టిన నకలు.

నన్ను కదిలించింది వీటన్నిటికంటే ఆ ఊరి సండే హౌస్‌లు. చుట్టుపక్కల పొలాల్లో ఉండే రైతులు ఊళ్లో ఒక చిన్న ఇల్లు కట్టుకునేవారు. శనివారం బండి కట్టుకొచ్చి సరుకులు కొని, రాత్రి అక్కడే పడుకుని, ఆదివారం చర్చికి వెళ్లి తిరిగి పొలానికి. పొలం కొడుకు చేతికి వచ్చాక ముసలివాళ్లు ఆ చిన్న ఇంటికే మారిపోయేవారు. వారమంతా ఉద్యోగాలకు తిరిగి ఆదివారం పొద్దున్నే పిల్లల్ని తెలుగు క్లాసుకు దింపే తల్లిదండ్రులను చూస్తుంటాను నేను. వాళ్లకిది వేరే వివరించక్కర్లేదు.

ఇంత కట్టుదిట్టంగా బతికారు కాబట్టే వాళ్ల భాష వందేళ్లకు పైగా నిలిచింది. బడిలో జర్మన్, ప్రార్థనలో జర్మన్, సమాధి రాళ్ల మీద జర్మన్. ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో 1877 నుంచి జర్మన్ వారపత్రిక ఉండేది. న్యూ బ్రౌన్‌ఫెల్స్‌లో 1852లో మొదలైన పత్రిక 1957 దాకా జర్మన్‌లో వచ్చింది. ఇది అచ్చువేసే మన పత్రిక సంపాదకులు నన్ను మన్నించాలి, మన దాంట్లో ఇప్పటికే సగం పేజీలు ఇంగ్లీషు.

మరి ఏమైంది? మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. జర్మన్ మాట్లాడేవాడంటే శత్రువన్నారు. 1918లో టెక్సస్ ప్రభుత్వం బడుల్లో చదువు ఇంగ్లీషులోనే చెప్పాలని చట్టం చేసింది. 1919లో గవర్నర్ హాబీ ఆస్టిన్ యూనివర్సిటీలో జర్మన్ శాఖకు డబ్బులు ఆపేశాడు. ఆ తర్వాత రెండో యుద్ధం. అందులో అమెరికా పసిఫిక్ నౌకాదళాన్ని నడిపిన అడ్మిరల్ నిమిట్జ్ ఈ ఊళ్లో పుట్టిన జర్మన్ కుటుంబంవాడే, ఆయన పేరు చెప్పుకునే మ్యూజియమే ఇప్పుడు ఊరికి పెద్ద ఆకర్షణ. ఆపైన హైవేలు, కాలేజీలు, సైన్యంలో ఉద్యోగాలు, జర్మన్ రాని అమ్మాయిలతో, అబ్బాయిలతో పెళ్లిళ్లు.

కానీ చట్టం బడి గుమ్మం దాకానే వస్తుంది. వంటింట్లో ఏ భాష మాట్లాడాలో ఏ గవర్నరూ చెప్పలేదు. ఆ రోజు మార్కెట్ స్క్వేర్ బెంచీ మీద ఒక పెద్దాయన మాతో మాట కలిపాడు. ఎనభై దాటి ఉంటాయి. అమ్మ ప్రశ్నను నేను ఇంగ్లీషులో అడిగాను. ఆయన నవ్వి, “మా అమ్మానాన్నా జర్మన్‌లోనే మాట్లాడుకునేవారు. మాతో కాదు. మాకు వినపడకూడని సంగతులుంటే, క్రిస్మస్‌కు ఏం కొనాలో, ఎవరికి ఎంత బాకీ ఉన్నామో, అప్పుడు జర్మన్” అన్నాడు. అమ్మకు తెలుగులో చెప్పాను. ఆవిడ నా వైపు ఒక చూపు చూసింది. ఎందుకంటే మా ఇంట్లో జరిగేదీ అదే. ఇంటి లోను, అత్తగారి ఆరోగ్యం, ఇండియాలో స్థలం గొడవ, ఇవన్నీ తెలుగు. “హోంవర్క్ అయిందా, డిన్నర్ రెడీ” ఇవన్నీ ఇంగ్లీషు. మీ ఇంట్లో వేరేలా ఉంటే సంతోషం.

పెద్దాయన ఇంకో మాట కూడా చెప్పాడు. తమది అసలైన జర్మన్ కాదని వాళ్లమ్మ అనేదట. ఎక్కడెక్కడి జిల్లాలవాళ్లో కలిసి, ఇంగ్లీషు మాటలు చేరి, వందేళ్లలో ఇక్కడ ఒక కొత్త యాస పుట్టింది. జర్మనీ నుంచి వచ్చినవాళ్ల ముందు, పుస్తకాల జర్మన్ ముందు అది నామోషీ అనిపించింది. సరిగ్గా లేనిదాన్ని పిల్లలకు అంటించడం ఎందుకని చాలామంది మానేశారు. ఆ యాసనే ఇప్పుడు, గవర్నర్ డబ్బులు ఆపిన అదే ఆస్టిన్ యూనివర్సిటీలో, హాన్స్ బోయస్ అనే ప్రొఫెసర్ 2001 నుంచి ముసలివాళ్ల దగ్గర కూర్చుని రికార్డు చేయిస్తున్నారు. ఇంకా మాట్లాడేవాళ్లు కొన్ని వేలు, దాదాపు అందరూ పెద్దవాళ్లే. నిధులు ఆపిన చోటే రికార్డులు దాస్తున్నారు, కానీ మాట్లాడే పిల్లలు లేరు.

ఇప్పుడు మీరు అడగబోయేది నాకు తెలుసు. వాళ్లకు వాట్సాప్ లేదు, విమానాలు లేవు, ఓటీటీ లేదు. మనకు ఏటా కొత్తవాళ్లు వస్తూనే ఉన్నారు. నిజమే. వాళ్లకూ దశాబ్దాల పాటు ఓడల్లో కొత్తవాళ్లు వస్తూనే ఉన్నారు. పత్రికలు చదివింది వాళ్లే, బడులు నింపింది వాళ్లే. యుద్ధాలు వచ్చాయి, 1924లో వలసలకు కోటాలు బిగించారు, రాకలు తగ్గాయి. అప్పటిదాకా భాష తమ పిల్లల వల్ల బతుకుతోందనుకున్నారు, అది కొత్తవాళ్ల వల్ల బతికింది. మన హాళ్లు నిండుతున్నది ఎవరితో ఒకసారి చూసుకోండి. నిన్న గాక మొన్న ఎఫ్-వన్ మీద, హెచ్-వన్ మీద వచ్చినవాళ్లతో. వీసాల సంగతి రోజూ ఎంత టెన్షన్ పడుతున్నామో నేను చెప్పక్కర్లేదు. ఆ కుళాయి కట్టేస్తే ఏముంటుంది? ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో ఆక్టోబర్‌ఫెస్ట్ అనే జర్మన్ బీర్ పండుగ ఉంది, సాసేజ్ ఉంది, బుట్టబొమ్మల్లాంటి గౌన్లున్నాయి. మనకు పచ్చడి, పట్టుచీర, బతుకమ్మ, సినిమా పాట ఉంటాయి. వీటిని నేను తక్కువ చేయను. పులిహోర చేయని సంఘానికి నేను చందా కూడా కట్టను.

కమిటీవాళ్ల కష్టమూ తెలుసు. హాలు అద్దె, ఇన్సూరెన్స్, సౌండ్, అన్నిటికీ డబ్బు కావాలి. టికెట్లు అమ్ముడయ్యేది సింగర్ పేరు చూసి, స్పాన్సర్ డబ్బిచ్చేది స్టేజి మీద ఫోటో కోసం. పద్యాలకు ఎవరూ టికెట్ కొనరు. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. జర్మన్ పోయినంత మాత్రాన ఫ్రెడరిక్స్‌బర్గ్ ఏమీ మునిగిపోలేదు. ముందెన్నడూ లేనంత డబ్బుంది ఆ ఊళ్లో. ఆ పెద్దాయన కూడా హాయిగానే ఉన్నాడు. కాకపోతే ఆయన ఇంట్లో ఒక పెట్టె నిండా నానమ్మ ఉత్తరాలున్నాయట. పాత జర్మన్ రాతలో. ఇప్పటి జర్మన్లకే ఆ రాత చదవడం కష్టం. వాటిలో ఏముందో ఆయనకు తెలియదు. పారేయడానికి చేతులు రావడం లేదన్నాడు. మా అమ్మ దగ్గర కూడా మా నాన్న రాసిన ఇన్లాండు లెటర్లు ఒక కట్ట ఉన్నాయి. నా కూతురికి వాటిలో పేర్లు గుర్తుపట్టడం వరకే వచ్చు.

కాబట్టి అడుగుతున్నాను. దీపావళికి పిల్లల కార్యక్రమం జ్యోతి వెలిగించిన వెంటనే పెట్టండి, భోజనాలు ఆ తర్వాతే తెరవండి. స్పాన్సర్లను పిల్లల మధ్య నిలబెట్టి ఫోటో తీస్తే వాళ్లూ కాదనరు. యాంకర్ ఇంగ్లీషు కలిపి మాట్లాడినా ఫర్వాలేదు, పిల్లలు తప్పు పలికినా ఫర్వాలేదు, వాళ్ల తప్పును మైకులో మళ్లీ పలికి చూపించొద్దు. ‘ళ’ రాని తెలుగు కూడా తెలుగే. మన పిల్లలకు ఇక్కడి యాస ఒకటి వస్తుంది, రానివ్వండి. ఆ తెలుగులోనే వాళ్లను తిట్టండి, బతిమాలండి, లోను సంగతి కూడా వాళ్ల ముందే మాట్లాడండి.

ఈ వేసవిలో చాలామంది ఇళ్లకు అమ్మానాన్నలు వస్తున్నారు. ఆరునెలలు అపార్ట్‌మెంట్‌లో టీవీ ముందు కూర్చుంటారు పాపం. వాళ్లలో ఎవరికి ఓపికుంటే వాళ్లను ఆదివారం పదింటికి మా తరగతికి తీసుకురండి. పాఠం చెప్పక్కర్లేదు, వాళ్ల ఊరి సంగతులు చెబితే చాలు. పిల్లలు ఏమీ అర్థం కాలేదన్నా విసుక్కోకూడదు, అదొక్కటే షరతు. టీ, పకోడీలు నా వంతు.