మొదటి బంతి

ఇక్కడ అమెరికాలో మనం చేసుకున్న విశ్వావసు ఉగాది వేడుకలో మా అమ్మ కుర్చీలోంచి లేవలేకపోయిన సంగతి మీలో చాలామందికి తెలుసు. ఆ రోజు లాబీలో మా చుట్టూ చేరి విసనకర్రలా కార్యక్రమ పత్రం ఊపినవాళ్ళు, కారుదాకా చెయ్యి పట్టుకుని నడిపించినవాళ్ళు మీలోనే ఉన్నారు. వాళ్ళందరికీ నమస్కారం. అసలు ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో మాత్రం ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఇప్పుడు చెప్తాను.

ఫ్లయర్‌లో కార్యక్రమం 4 గంటలకు, పండుగ భోజనం 7 గంటలకు అని ఉంది. మా అమ్మది తెనాలి పక్కన పల్లెటూరు. 74 ఏళ్ళ మనిషి. రాసింది రాసినట్టు నమ్ముతుంది. పదిహేనేళ్ళుగా షుగరు ఉంది కాబట్టి భోజనానికి పావుగంట ముందు గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకోవడం ఆవిడకు దేవుడి దగ్గర దీపం పెట్టడం లాంటిది, ఒక్కరోజు తప్పదు. ఆ రోజూ 6:45కి చేతిసంచిలోంచి మాత్ర తీసి, నీళ్ళ సీసా తీసి, వేసుకుంది. నేను పక్కనే ఉన్నాను. చూశాను. ఆ మాత్ర క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. కడుపులోకి అన్నం వచ్చిందో లేదో దానికి తెలియదు, దాని పని అది చేసుకుపోతుంది.

అప్పటికి పంచాంగ శ్రవణం పూర్తయి పిల్లల నాట్యాలు సగం అయ్యాయి. ఏడయింది. ఏడున్నరకు సన్మానాలు మొదలయ్యాయి. శాలువాలు, జ్ఞాపికలు, దాతల పేర్లు, ఫొటోలు, మళ్ళీ నాట్యాలు. ఎనిమిదిన్నరకు అమ్మ నా మోచెయ్యి తట్టి, "నాయనా, కళ్ళు తిరుగుతున్నయిరా" అంది. నేను అన్న మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "పది నిమిషాలమ్మా, పాప ఐటమ్ అవగానే తినేద్దాం" అన్నాను. పది నిమిషాలు ఇరవై అయ్యాయి. అమ్మ చెయ్యి పట్టుకుంటే చల్లగా చెమటతో తడిసిపోయి ఉంది. నా మొహంలోకి చూసి, "మీ నాన్న ఏడిరా, ఇంకా రాలేదేం?" అని అడిగింది. నాన్న పోయి తొమ్మిదేళ్ళయింది.

మా ఆవిడ పరుగున వెళ్ళి కారులోంచి గ్లూకోమీటరు తెచ్చింది. 51 ఉంది. 70 కంటే తగ్గితేనే ప్రమాదం అంటారు, 54 దిగితే మెదడుకు చేరాల్సిన చక్కెరే చాలదు. నీళ్ళ సీసాలు పంచే బల్ల దగ్గరున్న హైస్కూలు పిల్ల ఒకతి విషయం అర్థం చేసుకుని, తను తాగడానికి తెచ్చుకున్న నారింజ రసం డబ్బా ఇచ్చింది. పావు గంట తర్వాత చూస్తే 78. అప్పుడు అమ్మ నన్ను గుర్తుపట్టినట్టు చూసి, "పాప ఆడేసిందా?" అంది. ఆడేసింది. మేమెవరం చూడలేదు. భోజనాల లైను తెరిచింది 9:40కి.

అంతవరకూ జరిగింది ఒక ఎత్తు. మర్నాడు వాట్సాప్ గ్రూపులో ఒకరు, "పెద్దవాళ్ళను తీసుకొచ్చేవాళ్ళు ఇంట్లో పెట్టి తీసుకురావాలి కదా" అని రాశారు. దానికి పదకొండు బొటనవేళ్ళు పడ్డాయి. ఆ మాట నన్ను ఆ రాత్రి కంటే ఎక్కువ గుచ్చింది. పండక్కి పిలిచి, భోజనం అని రాసి, ఇంట్లో తిని రమ్మనే ఊరు మనలో ఎవరి ఊరు?

నిజం దాచకూడదు. ఆరేళ్ళ కిందట కమిటీలో ఉన్నప్పుడు ముఖ్య అతిథి వచ్చేదాకా ట్రేల మీద మూతలు తీయవద్దని కేటరింగువాళ్ళకు చెప్పింది నేనే. అప్పుడు కూడా హాల్లో ఎవరో ఒకరి అమ్మ మాత్ర వేసుకుని కూర్చునే ఉంటుంది. నాకు తట్టలేదు. అందుకే ఇప్పటి కమిటీ మీద నేరం మోపడానికి నాకు నోరు రాదు.

మా ఇంట్లో అమ్మ దీపాలు పెట్టిన గంటకల్లా కంచాలు పెట్టేది. పొలం నుంచి నాన్న వచ్చి కాళ్ళు కడుక్కునేసరికి పీటలు వేసి ఉండేవి. ఏడున్నరకల్లా వంటిల్లు కడిగి, గిన్నెలు బోర్లించి, మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి పొద్దుటి చద్దికి ఉంచేది. తిన్నాక మేమందరం వీధి అరుగు మీద కూర్చునేవాళ్ళం, లేదా చెరువు గట్టుదాకా నడిచి వచ్చేవాళ్ళం. దాన్ని ఎవరూ ఆరోగ్య సూత్రం అనలేదు. కిరసనాయిలు పొదుపు, పొద్దున్నే లేవాలి, అంతే. అమెరికా వచ్చాక నేను పోగొట్టుకున్న వాటిలో అన్నిటికంటే విలువైనది ఆ ఏడున్నర. ఇక్కడ ఆఫీసు, ట్రాఫిక్, పాప కూచిపూడి క్లాసు, ఇండియా కాల్, అన్నీ అయ్యి తొమ్మిదిన్నరకు అన్నం, పదికి పడక. ఇరవై ఏళ్ళు అలాగే నడిచింది.

సాయంత్రం గడిచేకొద్దీ ఒంట్లో ఇన్సులిన్ పనితనం తగ్గుతుంది. మధ్యాహ్నం తిన్న అన్నమే రాత్రి పదింటికి తింటే నెత్తుట్లో చక్కెర ఎక్కువ ఎక్కుతుంది, ఎక్కువసేపు నిలుస్తుంది. మన దక్షిణాసియా వాళ్ళకు ఇది మరీ ముఖ్యం. సన్నగా కనిపిస్తూనే షుగరు తెచ్చుకునే ఒళ్ళు మనవి. అందుకే అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015 నుంచి ఆసియా మూలాలవాళ్ళకు షుగరు పరీక్ష చేయించాల్సిన బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) హద్దును 25 నుంచి 23కి దించింది. ఉగాది తర్వాత అమ్మ ఇక్కడున్న నాలుగు నెలలూ మా ఇంట్లో ఏడు గంటలకే కంచాలు పెట్టాం. ఆ వేళ కుదరాలని కూరగాయలు ఆదివారమే తరిగి పెట్టుకున్నాం, ఇండియా కాల్ పొద్దుటికి మార్చాం. తిన్నాక పావుగంట మా వీధి చివరిదాకా నడక, అమ్మ ముందు, పాప వెనక. నడిచే కాలి కండరాలు ఇన్సులిన్ కోసం పెద్దగా ఎదురుచూడకుండా చక్కెరను లాక్కుంటాయి. ఏప్రిల్‌లో 6.2 ఉన్న నా ఏ1సి (రెండు మూడు నెలల సగటు చక్కెర చెప్పే పరీక్ష) ఆగస్టులో 5.8కి దిగింది. మందు లేదు, జిమ్ము లేదు, అన్నం మానలేదు. అంతకంటే పెద్ద లాభం, పాప మాతో కూర్చుని తింటోంది. ఇంతకుముందు తను ఆరింటికి పాస్తా తినేసి గదిలోకి వెళ్ళిపోయేది.

కమిటీవాళ్ళ ఇబ్బందులు నాకు తెలుసు. అందరూ ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రుళ్ళు ఈ పని చేస్తారు. నలభై రెండు నాట్యాల్లో ఒక్కటి తీసేసినా ఆ తల్లిదండ్రులు ఏడాది మాట్లాడరు. ఖర్చు భరించే దాతకు స్టేజి మీద అయిదు నిమిషాలు ఇవ్వాలి. అన్నిటికంటే బలమైన వాదన ఒకటుంది, కమిటీలో ఉన్నప్పుడు నేనూ అన్నదే: "భోజనం ముందు పెడితే హాలు ఖాళీ అవుతుందండీ." ఇందులో నిజం ఉంది. అయితే తొమ్మిదింటికి హాల్లో ఎవరున్నారో ఒకసారి గుర్తు చేసుకోండి. సగంమంది లాబీలో ట్రేల వైపు చూస్తూ నిలబడి ఉన్నారు. లిప్‌స్టిక్ చెరుగుతుందని మధ్యాహ్నం రెండింటి నుంచి ఏమీ తినని ఎనిమిదేళ్ళ పిల్లలు గ్రీన్‌రూములో నీరసంగా గోడకు ఆనుకుని ఉన్నారు. పెద్దాయన ఒకరు తెలుగు భాష గొప్పతనం గురించి ఎంతో చక్కగా మాట్లాడుతుంటే వినే చెవి ఒక్కటీ లేదు. ఆకలితో కట్టిపడేసిన సభను సభ అనగలమా? ఇంకో మాట, అయిదున్నరకు వచ్చిన ట్రేలు నాలుగు గంటలు అలా నిలబడ్డాయి. సరిగా వేడి నిలవని వంటకాన్ని రెండు గంటలకు మించి బయట ఉంచకూడదని ఇక్కడి వ్యవసాయ శాఖ సూచన. ఆ రాత్రి పులిహోర గోరువెచ్చగా కూడా లేదు.

ఊళ్ళో పెళ్ళిళ్ళు మాత్రం వేళకు జరిగాయా అని అడుగుతారు. లేదు. ముహూర్తం అర్ధరాత్రి దాటేది, భజంత్రీలవాళ్ళు వచ్చేసరికే ఆలస్యం. మన ఊళ్ళు గడియారం పట్టుకుని నడిచాయని నేను అనను. కానీ ఆ పెళ్ళిళ్ళలో ఒక పద్ధతి ఉండేది. ముహూర్తంతో సంబంధం లేకుండా మొదటి బంతి, అంటే భోజనానికి కూర్చునే మొదటి వరస, పొద్దు వాలగానే తినేసి లేచేది. అందులో పిల్లలు, ముసలివాళ్ళు, దూరం వెళ్ళాల్సినవాళ్ళు, మాత్రలు వేసుకునేవాళ్ళు. పెళ్ళికూతురి తండ్రి స్వయంగా వచ్చి, "అత్తయ్యా, నువ్వు లే, నువ్వు కూర్చోవాలి ముందు" అని రెక్క పట్టుకుని విస్తరి ముందు కూర్చోబెట్టేవాడు. ఇంటివాళ్ళు ఆఖరి బంతిలో తినేవాళ్ళు. బఫే వచ్చాక బంతి పోయింది, బంతితోపాటు ఎవరు ముందు తినాలన్న ఆలోచనా పోయింది. లైన్లో ఎవరు ముందు నిలబడితే వాళ్ళదే ముందు. నిలబడలేనివాళ్ళదే ఆఖరు.

కాబట్టి నేను అడిగేది పెద్ద సంస్కరణేం కాదు. నాట్యాలు తగ్గించవద్దు, శాలువాలు మానవద్దు. దీపావళి వేడుకలో 6:30కి కెఫెటేరియాలో ఒక్క బంతి వేద్దాం. అరవై అయిదు దాటినవాళ్ళు, పదేళ్ళ లోపు పిల్లలు, షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళు ఎంత వయసువాళ్ళయినా సరే. కూర్చోబెట్టి వడ్డిద్దాం. స్టేజి మీద ఏం జరుగుతున్నా సరే, మంత్రిగారు వచ్చినా రాకపోయినా సరే, 6:30 అంటే 6:30. మీరు కూడా నాలుగు గంటల కార్యక్రమానికి నాలుగింటికే రండి. ఐదున్నరకు వచ్చేవాళ్ళ కోసం ఐదున్నరకు మొదలుపెట్టి, అది చూసి ఆరింటికి రావడం మనమందరం కలిసి చేసుకున్న అలవాటే.

అమ్మ తిరిగి తెనాలి వెళ్ళిపోయింది. కార్తీకంలో మళ్ళీ రమ్మంటే, "అక్కడ సభకు మాత్రం రాలేను నాయనా" అంది. ఈ దీపావళి బంతి ఆవిడ కోసం కాదు, మీ ఇంట్లో ఉన్న అమ్మ కోసం. వడ్డనకు ఎనిమిదిమంది కావాలి. నేను, మా ఆవిడ, నారింజ రసం ఇచ్చిన ఆ పిల్ల ఇప్పటికే పేర్లు ఇచ్చాం. ఇంకా అయిదుగురు కావాలి.