జ్వరం వస్తే జీతం కోస్తారా?

విశాఖలో వానలు మొదలైతే చాలు, ఇంటికొకరు జ్వరంతో మూలుగుతుంటారు. పెద్ద సర్కారు ఆసుపత్రి కేజీహెచ్‌లో ఓపీ కిటకిటలాడుతుంది. కానీ జగదాంబ సెంటర్‌ బట్టల షాపుల్లో రోజంతా నిలబడే అమ్మాయిలు, ఆటోనగర్‌ షెడ్లలో పనిచేసే కుర్రాళ్లు ఆ క్యూలో పెద్దగా కనిపించరు. ఒక పారాసెటమాల్‌ వేసుకుని డ్యూటీకి వెళ్లిపోతారు. ఒక్క రోజు నాగా పెడితే ఆ రోజు జీతం పోతుంది. నాలుగు రోజులు పెడితే అసలు ఉద్యోగం ఉంటుందో ఉండదోనన్న టెన్షన్‌.

వీళ్లకు చట్టం లేదా అంటే ఉంది. 1988 నాటి రాష్ట్ర దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం జబ్బు చేసినా, దెబ్బ తగిలినా ఏడాదికి 12 రోజుల వరకు జీతంతో సెలవు ఇవ్వాలి. 12 రోజుల క్యాజువల్‌ సెలవులు దీనికి అదనం. పనిలో చేర్చుకునేటప్పుడు ఈ మాట చెప్పే యజమానులు ఎందరున్నారు?

ఈఎస్‌ఐ వర్తించే సంస్థల్లో నెలకు 21,000 రూపాయల లోపు జీతగాళ్లకు ఈఎస్‌ఐ అనే కార్మిక బీమా ఉంది. 15,000 జీతం నుంచి నెలనెలా 112.50 రూపాయలు కోస్తారు, యజమాని 487.50 కలపాలి. ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా పడి ఉంటే, జబ్బు పడినప్పుడు సగటు వేతనంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల దాకా డబ్బు వస్తుంది. రోజుకూలి 500 అయితే చేతికి 350. క్షయ, క్యాన్సర్‌ లాంటి దీర్ఘరోగాలకు 80 శాతం ఇస్తారు. ఆ భృతి తీసుకుంటున్న మనిషిని ఉద్యోగంలోంచి తీసేయకూడదని కూడా ఈఎస్‌ఐ చట్టం చెప్పింది.

ఇంత మంచి ఏర్పాటులోనూ ఒక చిల్లు ఉంది. మొదటి రెండు రోజులకు సాధారణంగా భృతి రాదు. మామూలు జ్వరం ఉండేదే మూడు నాలుగు రోజులు. మనిషి లేవలేని ఆ రెండు రోజులే అతనికి పైసా లేకుండా పోతున్నాయి. ఆ రెండు రోజుల జీతం యజమానే ఇవ్వాలని మేము అడుగుతున్నాం. ఒళ్లు కాలిపోతున్న మనిషి మెషిన్‌ ముందు నిలబడితే ప్రమాదం అతనొక్కడికే కాదని పరిశ్రమలున్న ఈ ఊరికి వేరే చెప్పాలా?

కాంట్రాక్టు కార్మికుల గోడు ఇంకోటి. జీతంలో ఈఎస్‌ఐ కోత కనిపిస్తుంది, మల్కాపురం ఈఎస్‌ఐ ఆసుపత్రికి వెళ్తే చందా జమ కాలేదంటారు. కాంట్రాక్టరు ఎగ్గొడితే ఆ చందా కట్టాల్సింది అసలు యజమానే. కంపెనీలు ఈ బాధ్యత నుంచి తప్పుకోవడాన్ని అధికారులు చూస్తూ ఊరుకోకూడదు.

కార్మిక శాఖ అధికారులు వచ్చే వానాకాలం లోపే గాజువాక నుంచి ద్వారకానగర్‌ దాకా షాపుల్లో సెలవుల రిజిస్టర్లు తెరిపించి చూడాలి. ఏడాదంతా ఒక్క సిక్‌ లీవు కూడా రాయని రిజిస్టరు దొరికితే, అక్కడి ఉద్యోగులను యజమాని లేనిచోట కూర్చోబెట్టి అడగాలి.