మూకీ సినిమాకు ‘అసలు సంగీతం’ ఒకటే ఉంటుందా? ఆ ఫార్వర్డ్‌కు నా జవాబు

మళ్ళీ అదే మెసేజ్. ఒక గ్రూపులో చూసి ఊరుకుంటే ఇంకో గ్రూపులో ప్రత్యక్షం, పైగా “నీ సబ్జెక్టే కదా, చదివావా?” అని ప్రేమగా ఒక ప్రశ్న కూడా తగిలించి పంపుతున్నారు. చదివాను. చదివినకొద్దీ చిరాకు పెరుగుతోంది కాబట్టి, ఇకమీదట ఎవరు పంపినా ఇదే నా జవాబు.

చదవనివాళ్ళకు దాని సారాంశం ఇది. ఇంట్లో మూకీలు చూసేటప్పుడు నెట్‌లో దొరికే వేరే సంగీతం ట్రాకులు డౌన్‌లోడ్ చేసుకుని వినకూడదట. ఎందుకంటే: ఒకటి, ప్రతి మూకీకీ దర్శకుడు ఒప్పుకున్న అసలు సంగీతం ఒకటుంటుంది, డిస్కులో వచ్చేది అదే, మిగతావి నకిలీ. రెండు, మూకీని నిశ్శబ్దంగా చూడటమే సరైన పద్ధతి. మూడు, ఆ ట్రాకులన్నీ పైరసీ. నాలుగు, ఎంత తంటాలు పడినా అవి బొమ్మతో సింక్ కావు. అయిదు, అంతగా కావాలంటే నచ్చిన సంగీతం ఏదో ఒకటి పెట్టుకుంటే చాలు.

మొదటి దానికీ రెండోదానికీ అసలు పొసగదు. అసలు సంగీతమంటూ ఉంటే నిశ్శబ్దంగా ఎందుకు చూడాలి? రాసినవాళ్ళకు తట్టలేదు సరే, ఇంతమంది పంపుతున్నారు, ఒక్కరైనా ఆగి చూసుకోరా?

అయిదోది ముందు తేల్చేస్తాను. ఏదో ఒక సంగీతం సరిపోదు. 1950ల మొదట్లో, దర్శకుడు డ్రెయర్ తీసిన మూకీ ‘జోన్ ఆఫ్ ఆర్క్’కు పాతకాలపు స్వరకర్తలు బాహ్, అల్బినోనీల సంగీతం అతికించి ఒక వెర్షన్ విడుదల చేశారు. గొప్ప సంగీతమే, కానీ ఆ వెర్షన్ డ్రెయర్‌కే నచ్చలేదు. సంగీతం ఎంత గొప్పదైనా సన్నివేశాన్ని చూసి కూర్చకపోతే దాని దారి దానిది, బొమ్మ దారి బొమ్మది.

పైరసీ మాట. సినిమా హక్కులు వేరు, కొత్తగా కట్టిన సంగీతం హక్కులు వేరు, ఆ రికార్డింగ్ హక్కులు ఇంకా వేరు. 1927లో విడుదలైన సినిమాలకు అమెరికాలో కాపీరైట్ 2023 జనవరి 1తో తీరిపోయింది. అయినా మనం మాట్లాడుతున్న ఫైల్‌లో సినిమా ఒక్క ఫ్రేము కూడా ఉండదు, సంగీతమే ఉంటుంది. ఒక పియానిస్టు సినిమా చూస్తూ తానే వాయించి, తానే రికార్డు చేసి, తీసుకోండి అని తానే పెడితే అది ఎవరి సొత్తు దోచుకున్నట్టు? డిస్కులోంచి ఆడియో లాగి పెట్టే ఫైళ్ళు కూడా తిరుగుతున్నాయి, అవి దొంగసొత్తే, ముట్టుకోకండి. కానీ ఆ సాకుతో, కష్టపడి సంగీతం కట్టినవాళ్ళందరినీ దొంగలనడం అన్యాయం. అసలే వాళ్ళను వినేవాళ్ళు తక్కువ.

ఇప్పుడు మొదటి పాయింటు. నాకు ఒళ్ళు మండేది దీనితోనే, ఎందుకంటే పైకి తెలిసినవాళ్ళ మాటలా కనిపిస్తుంది. కొత్తగా మూకీలు మొదలుపెట్టినవాళ్ళు దీన్ని నమ్మేస్తారు. డిస్కులో వచ్చే సంగీతం విసుగు పుట్టిస్తే, ఇదే అసలుది కాబోలు, ఈ సినిమా ఇంతే కాబోలు అని సగంలో కట్టేస్తారు, మళ్ళీ దాని జోలికి పోరు. సంగీతం బాగోలేక మంచి సినిమాను వదిలేసుకున్నవాళ్ళు నాకు తెలుసు.

అసలు సంగీతం అంటే ఏది? ఆ రోజుల్లో రీళ్ళు థియేటర్‌కు వచ్చేవి, సంగీతం మాత్రం ఏ థియేటర్‌దానిది. 1927లో న్యూయార్క్‌లో తెరిచిన రాక్సీ థియేటర్లో వందకు పైగా వాద్యకారుల ఆర్కెస్ట్రా, అదే సినిమా చిన్న హాలుకు వెళ్తే ఒక్క పియానో, ఇంకోచోట ఆర్గాన్. జపాన్‌లోనైతే తెర పక్కన నిలబడి కథంతా పలికే బెన్షీలే పెద్ద ఆకర్షణ. చాలా సినిమాలకు నిర్మాతల నుంచి వచ్చేది ఒక క్యూ షీట్: ఫలానా టైటిల్ కార్డ్ పడగానే ఫలానా ముక్క మొదలుపెట్టు, ఇంతసేపు వాయించు అని. ఎడిసన్ కంపెనీ 1909లోనే ఇలాంటి సూచనలు ఇవ్వడం మొదలుపెట్టింది. అవి సూచనలే. ఆ ముక్కల స్వరలిపి దొరక్కపోతే వాయించేవాడు తన దగ్గరున్నదే వాయించేవాడు, ఎవరూ వచ్చి అడిగేవాళ్ళు కాదు. ఇలాంటివాళ్ళ కోసమే జుసెప్పె బెచ్చే 1919లో బెర్లిన్‌లో సందర్భాల వారీగా ముక్కలు అచ్చువేయించడం మొదలుపెట్టాడు. 1924లో ఎర్నో రాపే పియానో, ఆర్గాన్ వాయించేవాళ్ళ కోసం తెచ్చిన పుస్తకం చూడండి: పేజీ అంచులో నిప్పు, భయం, ప్రేమ, రైలు, సముద్రంలో తుఫాను అని వరసగా జాబితా, పక్కనే పేజీ నంబర్లు. తెర మీద ఇల్లు అంటుకుంటే వెతుక్కోకుండా ఆ పేజీకి తిప్పేయడమే. ఇప్పుడు చెప్పండి, ఇందులో దర్శకుడు సంతకం పెట్టిన అసలు సంగీతం ఎక్కడుంది?

ప్రత్యేకంగా సంగీతం రాయించుకున్న పెద్ద సినిమాల సంగతో? 1915 నాటి ‘ది బర్త్ ఆఫ్ ఎ నేషన్’ తీసుకోండి (ఒళ్ళంతా జాతి విద్వేషం నిండిన సినిమా, చరిత్ర కోసం తప్ప దాని పేరెత్తబుద్ధి కాదు). లాస్ ఏంజెలస్ తొలి ప్రదర్శనకు కార్లీ ఎలినార్ కూర్చిన సంగీతం, కొన్ని వారాలకే న్యూయార్క్‌లో జోసెఫ్ కార్ల్ బ్రైల్ సంగీతం. ఆ రెండోదాంట్లో కూడా వాగ్నర్ లాంటివాళ్ళ నుంచి తెచ్చుకున్న ముక్కలు బోలెడు. ‘బాటిల్‌షిప్ పొటెమ్కిన్’కు 1926లో బెర్లిన్‌లో ఎడ్మండ్ మైజెల్ రాశాడు, 1950లో క్ర్యూకోవ్ రాశాడు, 70ల్లో షోస్టకోవిచ్ సింఫనీల ముక్కలు కూర్చారు, 2004లో లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పాప్ బృందం పెట్ షాప్ బాయ్స్ కొత్తది వాయించారు. ప్రతి తరం తన సంగీతం తాను కట్టుకోవాలని ఆ సినిమా దర్శకుడు ఐజెన్‌స్టీనే కోరుకున్నాడంటారు. గాన్స్ తీసిన ‘నెపోలియన్’కు 1927లో హోనెగర్, 1980లో కార్ల్ డేవిస్, 1981లో కార్మైన్ కొప్పోలా. ఈ జాబితాలో నకిలీ ఎవరో ఆ ఫార్వర్డ్ రాసిన పండితులే తేల్చాలి.

‘నోస్ఫెరాటు’ (1922) కథ ఇంకా చిత్రం. హాన్స్ ఎర్డ్‌మన్ దానికి రాసిన సంగీతం చాలావరకు పోయింది. ఇవాళ డిస్కుల్లో వినిపించేది మిగిలినవాటి నుంచి తిరిగి కట్టిందో, పూర్తిగా కొత్తగా రాసిందో అయి ఉంటుంది. ఆ సినిమా చివర్లో రక్తపిశాచి నీడ మెట్లెక్కే ఘట్టాన్ని రెండు వేర్వేరు ట్రాకులతో చూడండి. ఆర్గాన్ ఊగిపోతూ వాయించే ట్రాకులో నీడ మెట్టుమెట్టుకూ పెద్దదవుతూ మీదికొస్తున్నట్టుంటుంది, మీరు భయపడేది నీడను చూసి. తీగవాద్యం మీద ఒకటే మంద్ర స్వరం నిలిపి ఉంచే ట్రాకులో చూపు మెట్ల మీద కాకుండా గదిలో ఉన్న కథానాయిక ఎలెన్ మీదికి పోతుంది. నీడ చెయ్యి ఆమె గుండె మీదికి పాకి పిడికిలి బిగించినప్పుడు ఆమె విలవిల్లాడటం మన ఒంటికి తగులుతుంది. బొమ్మలో ఒక్క ఫ్రేమూ మారలేదు, సన్నివేశం మారిపోయింది. దీన్ని మీకు దక్కకుండా చేస్తోంది ఆ మెసేజ్.

అలాగని డిస్కు సంగీతం ఎప్పుడూ పనికిరాదని కాదు. ‘మెట్రోపాలిస్’కు గాట్‌ఫ్రీడ్ హుప్పెర్ట్స్ రాసింది ఆ సినిమా కోసమే పుట్టిన సంగీతం. 2008లో బ్యూనస్ ఎయిర్స్‌లో దాదాపు పూర్తి ప్రింటు బయటపడినప్పుడు, ఏ షాటు ఎక్కడుండాలో తేల్చడానికి ఆ సంగీతం స్వరలిపి కూడా ఆధారమయ్యింది. మొదటిసారి దాన్ని ఆ సంగీతంతోనే చూడండి. చాప్లిన్ ‘సిటీ లైట్స్’ (1931) అయితే ఆయన సొంత సంగీతంతో, సౌండ్‌ట్రాక్‌తోనే విడుదలైంది, దాన్ని మార్చకండి. ఇలాంటివి కొన్నే, ఆ మెసేజ్ చెప్పినట్టు ప్రతి మూకీ కాదు.

రెండో పాయింటు, నిశ్శబ్దం. అదే పద్ధతి అనడం పచ్చి అబద్ధం, పైన చెప్పిందంతా అందుకు సాక్ష్యం. కానీ ఇందులో నేను కాదనలేని మాట ఒకటుంది. పారిస్ సినిమాథెక్‌లో దాని స్థాపకుల్లో ఒకడైన ఆన్రీ లాంగ్ల్వా మూకీలను సంగీతం లేకుండానే వేసేవాడు, ఆయనకు సినిమా తెలియదని ఎవరూ అనలేరు. ‘జోన్ ఆఫ్ ఆర్క్’ను ఒకసారైనా మ్యూట్ చేసి చూడమని నేనే చెబుతాను. జోన్‌గా నటించిన ఫాల్కొనెట్టీ మొహం తెరంతా నిండినప్పుడు ఇక్కడ ఏడవాలి, ఇక్కడ వణకాలి అని చెప్పే వాద్యం లేకపోతే, కనురెప్ప కదలిక కూడా లెక్కలోకి వస్తుంది. సంగీతంతో చూసినప్పుడు నాకు ఎప్పుడూ అంత కనిపించలేదు. ఇష్టమైతే అలా చూడండి, దాన్ని అందరి నెత్తినా రూలుగా రుద్దకండి.

ఇక సింక్. “మొదటి పది నిమిషాలు సరిపోతుంది, తర్వాత జారిపోతుంది” అని రాశారు. జారుతుంది, నిజమే. ఎందుకు జారుతుందో కనుక్కునే ఓపిక లేక అసాధ్యం అనేశారు. ఆ కెమెరాలు చేత్తో తిప్పేవి, సెకనుకు ఇన్నే ఫ్రేములని స్థిరమైన లెక్క లేదు. కాబట్టి ఒకే సినిమాను ఒక్కొక్కరు ఒక్కో వేగంతో డిస్కుకెక్కిస్తారు. ‘జోన్ ఆఫ్ ఆర్క్’ ఒకే బ్లూ-రేలో సెకనుకు 24 ఫ్రేములతో 81 నిమిషాలు, 20 ఫ్రేములతో 97 నిమిషాలు ఉంటుంది. ఒకదానికి కట్టిన ట్రాకు ఇంకోదానికి పెడితే జారక ఏం చేస్తుంది? ఇది చాలదన్నట్టు యూరప్‌లో పాల్ అనే టీవీ పద్ధతికి చేసిన డీవీడీలు 24 ఫ్రేములను 25గా పరిగెత్తిస్తాయి, వంద నిమిషాల సినిమా 96 నిమిషాలకే అయిపోతుంది.

అందుకే ముందు ట్రాకు పక్కన రాసింది చదవండి. ఏ వెర్షన్‌కు కట్టారో, నిడివి ఎంతో, ఏ బొమ్మ రాగానే మొదలుపెట్టాలో పద్ధతైనవాళ్ళు రాసే పెడతారు. మీ సినిమా నిడివి దానితో పోల్చి చూడండి. ట్రాకు 24 ఫ్రేములకు కట్టిందై, మీ దగ్గరున్నది పాల్ డీవీడీ అయితే, ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో శ్రుతి మారకుండా టెంపో 4.17 శాతం పెంచండి, సరిపోతుంది. తేడా సీన్లు ఎక్కువ తక్కువ కావడం వల్లయితే వేగం మార్చి లాభం లేదు, ఆ ట్రాకు మీ ప్రింటుకు కాదు, ఇంకోటి వెతుక్కోండి. వీఎల్‌సీ ప్లేయర్‌లో ఫైల్ తెరిచేటప్పుడు అదనపు ఆడియో ఫైల్ జతచేసే ఆప్షన్ ఉంది, చిన్న తేడాలుంటే జె, కె మీటలతో ముందుకీ వెనక్కీ జరుపుకోవచ్చు. బ్లూటూత్ స్పీకర్ వాడితే అది తెచ్చే ఆలస్యాన్ని కూడా అదే మీటలతో సర్దుకోండి. ఇదంతా ఒక్కసారి చేసుకునే పని, ఆ మెసేజ్ నలుగురికి ఫార్వర్డ్ చేసేంత టైమ్ కూడా పట్టదు.