హెచ్‌పీవీ ‘మన ఇళ్ళల్లో లేదు’ అనేవాళ్ళకు

హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో, బంధువుల గ్రూపుల్లో హెచ్‌పీవీ గురించి ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. హెచ్‌పీవీ అంటే హ్యూమన్ పాపిల్లోమా వైరస్. ఎక్కువగా లైంగిక సంబంధం ద్వారా అంటుకునే ఈ వైరస్ గర్భాశయ ముఖద్వార (గర్భసంచి కింది భాగం) కేన్సర్‌కు కారణం. దాని సారాంశం ఇది. హెచ్‌పీవీ అక్రమ సంబంధాలున్న ఆడవాళ్ళకే వస్తుందట. పద్ధతిగా కాపురాలు చేసుకునే మన ఇళ్ళల్లో అది లేదట. టీకా అమ్ముకోవడానికి విదేశీ కంపెనీలు పుట్టించిన భయమట. టెస్టులో పాజిటివ్ వస్తే కేన్సర్ మొదలైనట్టేనట, గర్భసంచి తీయించేసుకుంటే పీడా పోతుందట. దీన్ని నమ్మి టెస్టు మానేసినవాళ్ళూ, రిపోర్టు దాచేసినవాళ్ళూ నాకు తెలుసు. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

ముందు ‘మన ఇళ్ళల్లో లేదు’ అన్న మాట. దీనికి జవాబు అమెరికాలోనో యూరప్‌లోనో వెతకక్కర్లేదు. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ (ఇప్పటి పేరు ధారాశివ్) 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోని జిల్లానే. ఆ జిల్లా పల్లెల్లో 30 నుంచి 59 ఏళ్ళ మధ్య వయసున్న లక్షా ముప్పై వేల మందికి పైగా ఆడవాళ్ళతో ఒక పెద్ద అధ్యయనం చేశారు. ఫలితాలు 2009లో వచ్చాయి. హెచ్‌పీవీ పరీక్ష చేయించుకున్న వాళ్ళలో నూటికి పదిమందికి పాజిటివ్ వచ్చింది. వాళ్ళు పల్లెల్లోని మామూలు ఇళ్ళ ఆడవాళ్ళు. అంతకు ముందు తమిళనాడులోని దిండిగల్ జిల్లాలో పెళ్ళయిన ఆడవాళ్ళనే తీసుకుని చూశారు. 2005లో వచ్చిన ఆ లెక్కల్లో నూటికి సుమారు 17 మందిలో వైరస్ కనిపించింది. పైగా వేరే దేశాల్లో ఎక్కువగా పాతికేళ్ళ లోపు వాళ్ళలో కనిపించి ఆ తర్వాత తగ్గే ఇన్‌ఫెక్షన్, దిండిగల్‌లో అన్ని వయసుల్లోనూ దాదాపు ఒకే తీరుగా ఉంది. అంటే మన దగ్గర నలభై దాటినవాళ్ళు ‘ఇది కుర్రవాళ్ళ గొడవ’ అనుకోవడానికి వీల్లేదు.

ఇవన్నీ పరీక్ష చేసిన ఆ రోజు శరీరంలో వైరస్ ఉన్నవాళ్ళ లెక్కలు. వచ్చి పోయినవాళ్ళు, రేపు రాబోయేవాళ్ళు ఇందులో లేరు. జీవితం మొత్తం మీద చూస్తే, లైంగిక జీవితం ఉన్న ఆడా మగా పదిమందిలో ఎనిమిది మందికి ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకుతుందని అంచనా. చాలామందికి వచ్చిన సంగతే తెలియదు. జ్వరం, మంట, నొప్పి ఏమీ ఉండవు. లక్షణం కనిపించని దాన్ని చూసి ‘మా ఇంట్లో లేదు’ అనడం ఎలా కుదురుతుంది?

ఇక శీలం మాట. నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఇదే.

కూకట్‌పల్లిలో టైలరింగ్ చేసే ఒకావిడ ఉంది. హెచ్‌పీవీ పాజిటివ్ అని రిపోర్టు చేతికొచ్చాక దాన్ని నాలుగు మడతలు పెట్టి, మిషన్ సొరుగులో బాబిన్ల డబ్బా కింద పెట్టింది. పైన లైనింగ్ ముక్కలు కప్పింది. నాకు చూపించేటప్పుడు కూడా షాపు తలుపు దగ్గరికి వేసింది. “అక్కా, పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. మా ఆయన తప్ప వేరే మగాడు తెల్వదు. నాకెట్లొచ్చింది ఇది? మా అత్తమ్మకు తెలిస్తే నన్ను ఇంట్ల ఉండనిస్తదా?” అని అడిగింది. కేన్సర్ భయం కంటే ఆ భయమే ఆమెకు ఎక్కువగా ఉంది.

జీవితంలో ఒక్కరితోనే సంబంధం ఉన్నా హెచ్‌పీవీ రావచ్చు. ఆ ఒక్కరికి పెళ్ళికి ముందు ఎప్పుడైనా సోకి ఉంటే చాలు. ఇది లైంగిక కలయికలో చర్మం చర్మానికి తగిలితే అంటుతుంది కాబట్టి కండోమ్ కూడా పూర్తి రక్షణ ఇవ్వదు, ముప్పు మాత్రం తగ్గిస్తుంది. వైరస్ శరీరంలో ఏళ్ళ తరబడి అణిగి ఉండి మళ్ళీ బయటపడగలదు. నలభై ఆరేళ్ళప్పుడు వచ్చిన పాజిటివ్ నిన్నటిదో, ఇరవై ఏళ్ళ కిందటిదో ఏ ల్యాబూ చెప్పలేదు. ఎవరి నుంచి వచ్చిందో అసలే చెప్పలేదు. కాబట్టి ఆ కాగితం పట్టుకుని భార్యను నిలదీయడం ఎంత తప్పో, భర్త ఇప్పుడు మోసం చేస్తున్నాడని తేల్చేయడమూ అంతే తప్పు. మగవాళ్ళలో దీనికి మామూలుగా టెస్టు చేయరు. అందుకే రిపోర్టు ఎప్పుడూ ఆడదాని పేరు మీదే ఉంటుంది, నింద కూడా ఆమె మీదికే వస్తుంది.

‘విదేశీ కంపెనీల కుట్ర’ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. గర్భాశయ ముఖద్వార కేన్సర్‌కు ఈ వైరస్ కారణమని 1980లలోనే కనుక్కున్నారు. ఆ పని చేసిన హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ వచ్చింది. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏటా లక్షా పాతిక వేల మందికి పైగా ఈ కేన్సర్ వస్తోంది, దాదాపు 80 వేల మంది చనిపోతున్నారు. టీకా ఇప్పుడు పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ కూడా తయారు చేస్తోంది. అయితే టీకా మీద మన వాళ్ళకున్న అనుమానం గాలిలోంచి పుట్టింది కాదు, దాన్ని కొట్టిపారేయను. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు టీకా వేసినప్పుడు చాలామంది తల్లిదండ్రులను అడగకుండా హాస్టల్ వార్డెన్లతో సంతకాలు పెట్టించారు. అది ఘోరమైన తప్పు. పార్లమెంటరీ కమిటీ కూడా 2013లో గట్టిగా తప్పుపట్టింది. టీకా వేయించుకున్న బాలికల్లో కొందరు ఆ సమయంలో చనిపోయారు కూడా. కానీ ఆ మరణాల మీద విచారణ చేసినవాళ్ళు పాముకాటు, నీళ్ళలో పడటం, పురుగుల మందు లాంటి కారణాలు చూపించారు, టీకా వల్ల జరిగినట్టు తేల్చలేదు. అనుమతి తీసుకోకపోవడం ఒక సంగతి, టీకా పనిచేయడం ఇంకో సంగతి. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి: టీకా రాబోయే ఇన్‌ఫెక్షన్‌ను ఆపుతుంది, ఒంట్లో ఉన్నదాన్ని పోగొట్టదు. అందుకే చిన్న వయసులోనే వేయించమంటారు.

చివరిది, అన్నిటికన్నా ప్రమాదకరమైనది: ‘పాజిటివ్ అంటే కేన్సర్, గర్భసంచి తీయించుకోండి’. సోకిన వాళ్ళలో నూటికి తొంభై మందికి రెండేళ్ళ లోపు శరీరమే వైరస్‌ను వదిలించుకుంటుంది. హెచ్‌పీవీలో 200కు పైగా రకాలున్నాయి. కేన్సర్‌కు దారితీసేవి ఓ 14. వాటిలో 16, 18 రకాలు ముఖ్యమైనవి. అవి కూడా ఏళ్ళ తరబడి పోకుండా ఉండిపోతేనే కణాల్లో మార్పు మొదలవుతుంది. ఆ మార్పు కేన్సర్ అవడానికి మామూలుగా పదిహేను, ఇరవై ఏళ్ళు పడుతుంది. హెచ్‌ఐవీ ఉండి మందులు వాడనివాళ్ళలో తొందరగా ముదురుతుంది. అంత సమయం చేతిలో ఉంది కాబట్టే టెస్టుకు విలువ. ఉస్మానాబాద్‌లో ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసిన ఊళ్ళల్లో, ఏ పరీక్షా చేయని ఊళ్ళతో పోలిస్తే, ఈ కేన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 30 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఈ కేన్సర్ కోసం ఒక్కసారైనా పరీక్ష చేయించుకున్నవాళ్ళు దేశంలో నూటికి ఇద్దరు కూడా లేరు. చేసేదేమో చిన్న మెత్తటి బ్రష్‌తో ముఖద్వారం దగ్గర తిప్పి, దాన్ని ద్రవం ఉన్న సీసాలో వేయడం. రెండు నిమిషాల పని.

పాజిటివ్ వస్తే ఏ రకమో అడగాలి. 16 లేదా 18 అయితే కాల్పోస్కోపీ చేస్తారు, అంటే ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో చూస్తారు. వేరే రకాలైతే ముందు పాప్ స్మియర్ (ముఖద్వారం కణాలను మైక్రోస్కోప్ కింద చూసే పరీక్ష) చేసి, అది బాగుంటే ఏడాది తర్వాత మళ్ళీ రమ్మంటారు. మార్పులు కనిపించినా చాలాసార్లు ఆ కాస్త భాగాన్నే వేడితోనో, చిన్న తీగతోనో తీసేస్తారు, గర్భసంచి జోలికి పోనక్కర్లేదు. గర్భసంచి ఆపరేషన్లు దేశంలో ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ ముందున్నాయి. తెల్లబట్ట అవుతోందన్నా, ముట్లు ఎక్కువవుతున్నాయన్నా ‘కేన్సర్ వస్తుంది’ అని బెదిరించి ఆపరేషన్లు చేసిన సంగతి మనకు కొత్త కాదు. ఇప్పుడు ఆ బెదిరింపుకు హెచ్‌పీవీ రిపోర్టు కూడా తోడవుతోంది. గర్భసంచి తీసేసినా వైరస్ యోనిలో ఉండిపోవచ్చు. అండాశయాలు కూడా చిన్న వయసులోనే తీసేస్తే ఎముకలు, గుండె దెబ్బతింటాయి. ఒక్క పాజిటివ్ రిపోర్టు చూసి ఎవరైనా ఆపరేషన్‌కు డేట్ ఇస్తే, కాల్పోస్కోపీ ఏది, బయాప్సీ (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) ఏది అని అడగండి. అవి చేయకుండానే రమ్మంటే అక్కడ సంతకం పెట్టకండి. ఆ కాగితాలన్నీ తీసుకుని ఇంకో గైనకాలజిస్టు దగ్గరికి గానీ, రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ కేన్సర్ ఆసుపత్రికి గానీ వెళ్ళండి.