సవరణ: బాబాయి జబ్బు గురించి నేను రాసినది తప్పు

పోయిన వారం మా బాబాయి గురించి రాస్తూ, ఆయనకు వచ్చిన ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా (మెదడు ముందు, పక్క భాగాలు క్రమంగా దెబ్బతినే జబ్బు) అంటే చిన్న వయసులో వచ్చే అల్జీమర్సే అన్నాను. కాదు, రెండూ వేరు జబ్బులు. అల్జీమర్స్‌లో సాధారణంగా ముందు జ్ఞాపకశక్తి తగ్గుతుంది. బాబాయికి వచ్చిన రకంలో మొదట మారేది మనిషి తీరు. మల్లేశ్వరంలో ఇంటి దారి, మనవడి పుట్టినరోజు ఆయనకు ఇప్పటికీ గుర్తే. కానీ కూరగాయలు తరుగుతూ పిన్ని వేలు కోసుకుంటే, ఒకసారి చూసి మళ్లీ లడ్డూల డబ్బాలో చెయ్యి పెట్టాడు.

"ఆయనకు ఎవరూ పట్టడం లేదు" అని కూడా రాశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మెదడులో ఇన్సులా ముందుభాగం, యాంటీరియర్ సింగ్యులేట్ కలిసి ఒక వలయంగా పనిచేస్తాయి. ఎదుట జరిగేవాటిలో ఏది ముఖ్యమో, ఎవరి బాధ మనకు తగలాలో పసిగట్టేది అదే. ఈ జబ్బులో తొలుత దెబ్బతినేవాటిలో అదొకటి. రక్తం ఆయన కంటికి కనిపించింది, లోపలికి చేరలేదు. దాన్ని నేను కఠినత్వం అనుకున్నాను.

అల్జీమర్స్‌కు వాడే డోనెపెజిల్ అనే మందు గురించి డాక్టర్ని అడగమని కూడా ఆ పోస్టులో రాశాను. ఈ జబ్బులో అది మేలు చేస్తుందని తేలలేదు, కొందరిలో ప్రవర్తన ఇంకా చెడుతుంది. ఇప్పటికే వాడుతుంటే సొంతంగా ఆపకండి, న్యూరాలజిస్టుతో మాట్లాడండి.

పిన్నికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. పాత పోస్టులో ఆ వాక్యాలు మార్చాను.